ఉప్పు గాలిలో కాంటెస్సా: ముందు రేకు, తర్వాతే ఇంజిన్

హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళ పాత కాంటెస్సా కారు అమ్మకానికి ఉందనగానే అందరూ ముందు బోనెట్ ఎత్తుతారు. నెల్లూరు దగ్గరి మైపాడు నుంచి ఒంగోలు దగ్గరి కొత్తపట్నం దాకా తీరం పొడవునా తిరిగిన బండి అయితే ఎత్తాల్సింది బోనెట్ కాదు, కాళ్ళ కింద కార్పెట్. ఇంజిన్ ఎంత చెడినా దారి ఉంది. 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజిన్ అయితే అంబాసిడర్‌ది అదే జాతి. 1817 సీసీ ఇసుజు (జపాన్ కంపెనీది) అయితే దాన్ని 1992 తర్వాత అంబాసిడర్‌కీ ఎక్కించారు, సామాను ఇంకా దొరుకుతుంది. బాడీకి మాత్రం మన దేశంలో తోబుట్టువు లేదు. బ్రిటన్ కంపెనీ వాక్సాల్ వాళ్ళ 70ల నాటి కారు అచ్చులు తెచ్చి 1984 నుంచి 2002 దాకా ఉత్తరపాడా ఫ్యాక్టరీలో తీశారు, ఆ తర్వాత ఆపేశారు. ఫెండరు కావాలంటే ఇంకో కాంటెస్సా నుంచి ఊడదీయాలి, లేదా మేస్త్రీ చేత కొట్టించుకోవాలి.

దీన్ని మన దేశపు మజిల్ కారు అంటారు. పొడవాటి ముక్కు, వెడల్పాటి వెనుక భాగం చూస్తే ఆ మాట తప్పనిపించదు. కానీ మొదట్లో వచ్చిన బీఎంసీ ఇంజిన్ బలం 50 గుర్రాల దగ్గరే. ఒంగోలు గిత్త ఒళ్ళు, లేగదూడ లాగుడు. ఐదు గేర్ల ఇసుజు పెట్రోలు వచ్చాకే బండి కాస్త కదిలింది. అయినా రేకు గట్టిగా ఉన్న బీఎంసీ బండి, రేకు పోయిన ఇసుజు బండి పక్కపక్కన ఉంటే మొదటిదే కొనండి.

కొనే ముందు

కావాల్సినవి: టార్చి, సన్నటి స్క్రూడ్రైవరు, గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, కింద పరుచుకోవడానికి గోనెపట్టా. అయస్కాంతం ఒక్కో చోట పట్టకుండా జారిపోతే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. పల్చటి లప్పం మీద పట్టీ పట్టనట్టు ఉంటుంది, అది మామూలే. చక్రాల పైన ఉండే వంపులు, తలుపుల కింది అంచులు, హెడ్‌లైట్ల చుట్టూ, డిక్కీ మూత అంచు, ఈ నాలుగు చోట్లా తప్పకుండా పెట్టి చూడండి.

పైన కనిపించే తుప్పు కంటే కింద దాగినదే ప్రాణాంతకం. ఈ కారుకు అంబాసిడర్‌లాగే విడిగా ఛాసీ లేదు, బాడీయే ఛాసీ. తలుపుల కింద పొడవుగా పోయే పెట్టె లాంటి రన్నింగ్ బోర్డు, ఫ్లోరు, ముందు క్రాస్ మెంబరు (అడ్డ దూలం) పట్టే చోటు, వెనుక ఇరుసు ఆర్ములు బాడీకి పట్టే చోట్లు, ఇవే బండి ఎముకలు. స్క్రూడ్రైవరు పిడితో రన్నింగ్ బోర్డు కింద తడుతూ పోండి. గట్టి రేకు ఠంగుమంటుంది. తుప్పు పట్టినది డప్పడప్పమంటుంది, లోపల పొరలు రాలిన చప్పుడు కూడా వినిపిస్తుంది. తేడా వినిపించిన చోట మొనతో నొక్కండి. దిగిపోతే ఆ బండి ధరలో సగం అక్కడే తగ్గించి మాట్లాడాలి. వెనుక ఆర్ము పట్టే చోట దిగితే బేరమే వద్దు.

తలుపు తీసి, వేసి చూడండి. పైన సందు చిన్నగా, కింద పెద్దగా ఉంటే, లేదా తలుపును పైకెత్తి వేస్తేగానీ పడకపోతే, ముందు కీలు చూడండి. కీలు గట్టిగా ఉండి కూడా అలాగే ఉంటే బండి నడుం వంగినట్టే. డ్రైవరు కాళ్ళ దగ్గర కార్పెట్ ఎత్తితే తడి తగిలిందా? ముందు అద్దం రబ్బరు బీడింగ్ కింది మూలల్లోంచో, అద్దానికీ బోనెట్‌కీ మధ్య ఉన్న గాలి జాలీలో ఆకులు నిండిపోయో నీళ్ళు దిగుతుంటాయి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంత కూడా చూడాలి. వేపాకు, ఇసుక, నీళ్ళు కలిసి అక్కడ బురద తయారవుతుంది.

బండి ఎక్కడ తిరిగిందో అడగండి. కనిగిరి, పొదిలి, గిద్దలూరు, ఉదయగిరి వైపు నీడలో నిలబడిపోయిన బండి ఇంజిన్ బిగుసుకుపోయి ఉండొచ్చు గానీ రేకు బతికి ఉంటుంది. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిందంటే కింద నుంచి తినేసి ఉంటుంది. ఇస్కపల్లి, కనుపర్తి ఉప్పు కొటారుల పక్క రోడ్లదీ అదే సంగతి. రొయ్యల బండ్ల నుంచి రోడ్డు మీద కారే ఐసు నీళ్ళు కూడా చక్రాల వంపుల్లోకి ఎగిరి అక్కడే ఎండుతాయి.

ఏ నెలలో మొదలుపెట్టాలి

నెల్లూరికీ ఒంగోలుకూ అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. తుపాన్లూ అప్పుడే. ఆ మూడు నెలలూ రేకు పని పెట్టుకోవద్దు. విప్పడం, ఫొటోలు తీయడం, సామాను వెతకడం చేసుకోవచ్చు గానీ రేకు మీద పెయింటు గీకి బోడి ఇనుము బయటపెట్టడం సంక్రాంతి తర్వాతే. ఫిబ్రవరి, మార్చి బాగుంటాయి. రోహిణి కార్తె ఎండలో స్ప్రే కొడితే రంగు గాల్లోనే ఆరిపోయి రేకు మీద పొడిలా పడుతుంది, మెరుపు రాదు. తప్పనిసరి అయితే నెమ్మదిగా ఆరే థిన్నరు వాడాలి.

రోజులో కూడా వేళ చూడాలి. తెల్లవారుజామున మంచు తడి రేకు మీద ఉంటుంది. మధ్యాహ్నం తిరిగాక సముద్రం మీది నుంచి గాలి మొదలవుతుంది, అది తడినీ ఉప్పునీ మోసుకొస్తుంది. ఉదయం 9 నుంచి 12 లోపు ప్రైమరు పని ముగిసేలా చూసుకోండి. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు స్ప్రే గన్ను ముట్టొద్దు. తేమ చూపించే చిన్న మీటరు ఒకటి షెడ్డులో తగిలించుకోండి, కంటి అంచనా కంటే నయం.

తుప్పు కోయడం, అతకడం

తుప్పు పట్టిన రన్నింగ్ బోర్డు కోయబోయే ముందు తలుపు తీసి, ఆ చట్రానికి అడ్డంగా ముందు స్తంభం నుంచి మధ్య స్తంభానికి ఒక యాంగిలర్ ముక్క తాత్కాలికంగా వెల్డు చేయండి. ఇది మానేసి కోస్తే బండి ఒక్క సెంటీమీటరు కూచుంటుంది. ఆ కూచున్న కొలతలోనే కొత్త రేకు వెల్డు అవుతుంది, ఇక తలుపు జన్మలో పడదు. జాకీల మీద గాల్లో వేలాడదీసి కోయడం కూడా తప్పే. బరువు చక్రాల మీద, లేదా ఇరుసుల కింద పెట్టిన స్టాండ్ల మీద ఉండాలి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు.

వెల్డింగుకు ముందు బ్యాటరీ ఎర్తు తీయండి, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టండి, కార్పెట్టూ సీట్లూ బయటికి. పక్కన తడి గోనెసంచి, ఇసుక బక్కెట్టు. కార్పెట్ కింది తారు షీట్లు వెల్డింగు వేడికి నెమ్మదిగా రాజుకుంటాయి. మేస్త్రీ అన్నానికి వెళ్ళాక పొగ మొదలయ్యేది ఇలాగే.

తుప్పు కనిపించిన చోటు దాటి కనీసం 2, 3 సెంటీమీటర్లు, మెరిసే ఇనుము వచ్చేదాకా కోయాలి. మొహమాటపడి అంచు దగ్గర ఆపితే పల్చబడిన రేకు వెల్డింగ్ వేడికి చిల్లులు పడిపోతుంది. ఫ్లోరుకూ రన్నింగ్ బోర్డుకూ 18 గేజి, అంటే 1.2 మి.మీ. రేకు. ఫెండర్లకు, తలుపు అంచులకు 20 గేజి, అంటే 0.9 మి.మీ. సీఆర్ (కోల్డ్ రోల్డ్, జింకు పూత లేని) రేకే తీసుకోండి. జీఐ రేకు తుప్పు పట్టదు కదా అని కొందరు అదే వాడతారు. దాని జింకు పొర గ్రైండ్ చేయకుండా వెల్డు పెడితే అతుకు బుడగలు వస్తుంది, ఆ పొగ పీల్చిన మేస్త్రీకి ఆ రాత్రి చలిజ్వరం.

గ్యాస్ వెల్డింగుతో చదును రేకు అలలు తిరుగుతుంది. 0.8 మి.మీ. తీగతో సీవోటూ వెల్డింగ్ చేసేవాళ్ళు ఆటోనగర్లో ఉంటారు, వాళ్ళ దగ్గరే పెట్టండి. ఒకేసారి గీత లాగనివ్వొద్దు. 2 సెంటీమీటర్లు ఒక చోట, చల్లారేలోపు ఇంకోటి దూరంగా, మళ్ళీ ఎదురు వైపు, ఇలా చుక్కలు కలుపుకుంటూ రావాలి. రేకు మీద రేకు ఎక్కించే అతుకైతే రెండు ముఖాలకూ లోపల జింకు ప్రైమరు పూసి ఆ తర్వాత వెల్డు. అది పూయకపోతే రెండు రేకుల మధ్య మిగిలిన సందులో రెండేళ్ళకే మళ్ళీ మొదలవుతుంది.

ఒక్క జాగ్రత్త: ఛాసీ నంబరు కొట్టిన చోట కోత గానీ గ్రైండరు గానీ తగలకూడదు. యాజమాన్యం మార్పుకీ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కీ ఆ అంకెల మీద పెన్సిలు రుద్ది కాగితం మీద అచ్చు తీస్తారు. అంకెలు చెరిగితే బండి మంచిదైనా కాగితాల ముందు దొంగబండే. ముందే గ్రీజు పూసి టేపు వేసి పెట్టుకోండి.

కడగడం: ఇక్కడే పని పాడయ్యేది

కోయనక్కర్లేని పైతుప్పును తీగ బ్రష్షుతో, 80 నంబరు ఎమరీతో గీకి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టరు పూస్తాం. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం వద్దే వద్దు. అది హైడ్రోక్లోరిక్. తుప్పు క్షణాల్లో పోతుంది గానీ, రేకు సందుల్లో క్లోరైడు వదిలి వెళ్తుంది. ఉప్పు గాలి చేసే పనే అది కూడా చేస్తుంది.

గీకిన రేకు మీద కంటికి కనిపించని ఉప్పు మిగిలే ఉంటుంది. దాని మీద ఎంత ఖరీదైన ప్రైమరు కొట్టినా, ఉప్పు పెయింటు పొరలోంచి తడిని లాక్కుంటుంది. ఆరు నెలలకు చెమటకాయల్లా బుడగలు లేస్తాయి. అప్పుడు తిట్లన్నీ పెయింటరుకు పడతాయి. కాబట్టి మంచినీళ్ళతో మూడుసార్లు కడగాలి, ప్రతిసారీ గుడ్డ మార్చాలి. బోరు నీళ్ళు నాలుక మీద వేసి చూడండి, ఉప్పదనం తగిలితే ఆ నీళ్ళు రేకు మీద పోయొద్దు. తీరం ఊళ్ళలో చాలా బోర్లు అంతే. చివరి కడుగు 20 లీటర్ల ఆర్వో క్యానుతో చేస్తే ఖాయం.

కడిగాక హాట్ గన్నుతోనో ఎండలోనో పూర్తిగా ఆర్చి, అదే పూట ప్రైమరు. తీరంలో బోడి రేకును రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి పసుపు పూసినట్టు పట్టేస్తుంది, మళ్ళీ మొదటి నుంచీ గీకాలి. ప్రైమరు ఎపాక్సీదే, రెండు డబ్బాలు కలిపేది. రెడ్ ఆక్సైడు కిటికీ ఊచలకు సరిపోతుంది. దాని పొర నీళ్ళను ఆపదు, కారుకు అది ఒక్కటే నమ్ముకుంటే వృథా. లప్పం పట్టాల్సింది ఎపాక్సీ మీద, బోడి రేకు మీద కాదు. మందం 2, 3 మి.మీ. దాటితే అది లప్పంతో నింపే పని కాదు, సుత్తితో సరిచేసే పని. తర్వాత 180, 320, 400 ఎమరీలు, సర్ఫేసరు, పైరంగు. ఈ భాగం మంచి పెయింటరుకు చెప్పనక్కర్లేదు.

ఫైబరు వేయొచ్చా

తీరంలో ఫైబరు పడవలు బాగుచేసే చేతులు చాలా ఉన్నాయి. రెజిన్, మ్యాట్ (గాజు పీచు పట్టా) దగ్గర్లోనే దొరుకుతాయి. అందుకే చిల్లు పడిన ఫ్లోరు మీద ఫైబరు పరిచేయమని సలహా ఇచ్చేవాళ్ళకూ కొదవ లేదు. పడవ మొత్తం ఫైబరే కాబట్టి అక్కడ అది అతుక్కుంటుంది. ఇనుము మీద పాలియెస్టర్ రెజిన్ పట్టు బలహీనం. బండి ఊగిసలాటకు అంచు విడుతుంది, నీళ్ళు దూరతాయి, పైకి చక్కగా కనిపిస్తూ కింద రేకు మొత్తం పోతుంది. బరువు మోసే ఏ చోటా ఫైబరు వద్దు.

పగిలిన బంపరు మూలలు, డ్యాష్‌బోర్డు లోపలి దన్ను, హెడ్‌లైటు వెనుక మట్టి తగలకుండా పెట్టే అడ్డు, వీటికి ఫైబరు భేషు. 450 గ్రాముల మ్యాట్ రెండు పొరలు చాలు. మ్యాట్ బరువుకు రెండున్నర రెట్లు రెజిన్ పడుతుంది. కిలో రెజిన్‌కు హార్డెనరు 10 నుంచి 15 మి.లీ. ఎండాకాలం 10 చాలు, ఎక్కువ పోస్తే డబ్బాలోనే ఉడికి గట్టిపడుతుంది. ఒకసారికి అర కిలోకు మించి కలపొద్దు. కోబాల్టునూ (రెజిన్ త్వరగా గట్టిపడేందుకు కలిపే ద్రవం) హార్డెనరునూ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎన్నడూ పోయొద్దు, భగ్గున అంటుకుంటుంది. కోబాల్టు ముందు రెజిన్‌లో బాగా కలిపాకే హార్డెనరు.

లోపలి బోలు భాగాలు

రన్నింగ్ బోర్డు లోపల, తలుపుల అడుగున, స్తంభాల్లో పెయింటు చేరదు. అక్కడ క్యావిటీ వ్యాక్స్‌ను పొడుగాటి నాజిలుతో కొట్టాలి. కాల్చిన ఇంజిన్ ఆయిల్ పోయడం మనవాళ్ళకు అలవాటు. ఖర్చు లేదు నిజమే, కానీ అందులో ఆమ్లం ఉంటుంది, రబ్బరు బీడింగులను మెత్తబరుస్తుంది, కారి కొత్త రంగు మీద మరకలు పడతాయి. వ్యాక్స్ కొట్టిన మర్నాడు సైకిల్ చువ్వతో కింది నీటి రంధ్రాలన్నీ పొడిచి తెరవండి. అవి మూసుకుపోతే వ్యాక్స్ కొట్టి కూడా లాభం లేదు.

నిద్రపోయిన ఇంజిన్ లేపడం

బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడం ఆఖరి పని. ముందు నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండరులో రెండు చెంచాల ఆటోమేటిక్ గేరు ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత గేరు న్యూట్రల్లో పెట్టి ముందు పుల్లీ నట్టుకు పానా వేసి చేత్తో తిప్పండి. బిగుసుకుంటే బలవంతం వద్దు, ముందుకూ వెనక్కూ కొంచెం కొంచెం ఆడించాలి. తిరిగాక పాత ఆయిల్ తీసి, 20డబ్ల్యూ-50 పోసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టి ఆయిల్ లైటు ఆరేదాకా చూడండి. బీఎంసీ ఇంజిన్‌కు 4 లీటర్ల పైచిలుకు పడుతుంది, డిప్‌స్టిక్ చూసి ఆపండి.

బీఎంసీకి డిస్ట్రిబ్యూటరు పాయింట్ల సందు 0.015 అంగుళం, ప్లగ్గు సందు 0.025, వాల్వు ట్యాపెట్ సందు 0.015, ఫైరింగ్ వరస 1-3-4-2. సందు కొలిచే ఫీలర్ గేజి ఒక్కటి ఉంటే ఈ పని ఇంట్లోనే అవుతుంది. కంప్రెషన్, అంటే సిలిండరు లోపలి ఒత్తిడి, నాలుగింటిలోనూ దగ్గరదగ్గరగా రావాలి. ఒకటి మిగతావాటి కంటే 15 శాతం తగ్గితే అందులో నాలుగు చుక్కల ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు. ఇసుజు హెడ్డు అల్యూమినియం, ఒక్కసారి బాగా కాగితే వంకర తిరుగుతుంది. రేడియేటర్లో బోరు నీళ్ళు పోయొద్దు. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం.

ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తడిని పీల్చుకుంటుంది, తీరంలో ఇంకా త్వరగా. నెలలు నిలబెడితే నీళ్ళూ ఇథనాలూ విడిపోయి ట్యాంకు అడుగున చేరి తుప్పు పట్టిస్తాయి. పాత రబ్బరు పైపులు ఉబ్బి పొరలు ఊడి కార్బురేటరు జెట్లో అడ్డం పడతాయి. ట్యాంకు నుంచి కార్బురేటరు దాకా పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించండి, ఫ్యుయెల్ పంపు డయాఫ్రమ్‌ కూడా. రెండు నెలలకు మించి కదలదంటే ట్యాంకు ఖాళీ చేయడమే మేలు.

బ్రేకులకు బేరం లేదు. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండరు రబ్బర్లు, హోసులు అన్నీ కొత్తవి. బ్రేక్ ఆయిల్ కూడా తడి పీల్చేదే, రెండేళ్ళకోసారి మార్చండి.

కరెంటు జబ్బుల్లో చాలా వరకు ఎర్తువే. ఒక లైటు వేస్తే ఇంకోటి మిణుకుమంటే, ఇండికేటరు వేస్తే టెయిల్ ల్యాంపు ఆడితే వైరు మార్చకండి. ఎర్తు పట్టిన చోట పెయింటు గీకి, స్టార్ వాషరు వేసి బిగించి, పైన వ్యాజిలిన్ పూయండి. ఇంజిన్ నుంచి బాడీకి మందపాటి ఎర్తు పట్టీ కొత్తది ఒకటి వేయండి. వైరు చివర పచ్చగా చిలుము కనిపిస్తే నల్లబడని రాగి వచ్చేదాకా కత్తిరించాలి.

కాగితాలు

నెల్లూరు బండి ఏపీ 26, ప్రకాశం బండి ఏపీ 27. 2019 నుంచి రాష్ట్రమంతా కొత్త బండ్లకు ఏపీ 39 వచ్చింది గానీ పాత బండి రాష్ట్రంలోనే చేతులు మారితే పాత నంబరే ఉంటుంది. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్. 20 ఏళ్ళు దాటిన కారుకు ఆ ఫీజును 2025లో 5,000 నుంచి 10,000 రూపాయలు చేశారు. బేరంలో ఇది కూడా లెక్కేయండి. వింటేజ్ బండిగా రాయించుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మొద్దు. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్ళు దాటాలి. మొట్టమొదటి కాంటెస్సాలకు కూడా ఆ అర్హత 2034కి గానీ రాదు. ఇంజిన్ మార్చాలనుకుంటే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించాకే రోడ్డెక్కండి, లేదంటే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాళ్ళకు అదే సాకు.

తయారయ్యాక

ప్లాస్టిక్ కవరు కప్పొద్దు, కింద చెమట పడుతుంది. షెడ్డులో గాలి ఆడాలి, నేల సిమెంటుదై ఉండాలి. మట్టి నేల మీద వానాకాలమంతా నిలబెడితే అడుగు నుంచి తడి ఎగబాకుతుంది. మైపాడో కొత్తపట్నమో వెళ్ళొచ్చిన ప్రతిసారీ అదే రోజు మంచినీళ్ళతో చక్రాల వంపుల లోపల, అడుగున కడగండి. పైన మెరుపు కోసం కడగడం మర్నాడైనా ఫర్వాలేదు. కడిగాక బండిని ఒక పది నిమిషాలు నడిపి, బ్రేకులు ఆరేదాకా నాలుగైదుసార్లు తొక్కి, తలుపులు తెరిచి నిలబెట్టండి. వానాకాలానికి ముందు, అంటే సెప్టెంబరు చివర్లో, సైకిల్ చువ్వతో నీటి రంధ్రాలు మళ్ళీ పొడవాలి. గాలి జాలీలో ఆకులు తీసి, కార్పెట్ ఎత్తి చేయి పెట్టి చూడాలి.